మగ్గాల పక్క ఉయ్యాల

మా పుట్టింట్లో మాట్లాడడమంటే అరవడమే. బెళుగుప్ప దగ్గర మాది మెట్టసేద్యం. మా తాతల కాలంలోనే మగ్గం వదిలేసి చేను పట్టిన ఇల్లు. మా నాయన ఈ గట్టున నిలబడి ఆ గట్టునున్న నన్ను మంచినీళ్లు తెమ్మంటే, మధ్యలో మూడు చేన్లవాళ్లు తమ చెంబులు ఎత్తి చూపించేవాళ్లు. ఆకాశం వైపు తలెత్తి ఆయన తిట్టిన తిట్లు మేఘాలకు వినపడ్డాయనీ, అందుకే అవి మా వైపు రావడం మానేశాయనీ మా అమ్మ అనేది. అట్లాంటి ఇంట్లో పెరిగిన నన్ను తీసుకొచ్చి ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి ఇచ్చారు.

కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే నాకు ఒక సంగతి అర్థమైపోయింది. ఈ ఇంట్లో నేనంటే ఎవరికీ గిట్టదు. పొద్దున మగ్గం మొదలైందంటే ఎవరూ నోరు విప్పరు. మా ఆయన గుంతమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చుని కనుబొమ్మలు ఎగరేస్తాడు. మా అత్త గడ్డం కాస్త పైకెత్తుతుంది. ఇద్దరి మధ్యా ఏదో పెద్ద వ్యవహారం నడిచిపోతుంది. అదంతా నా గురించే అనుకున్నాను. ఆరో రోజు ఇంక పట్టలేక ఏడ్చేశాను. మా ఆయన మగ్గం ఆపి కంగారుగా చూశాడు.

"అన్నం పెట్టమని అడిగినా, అంతే కదే!" అన్నాడు.

తర్వాత తెలిసింది. మాది రేకుల షెడ్డు. లోపల రెండు మగ్గాలు, వాటి నెత్తిన అంచుల్లో పూలు తేల్చే జాకార్డు పెట్టెలు. రెండూ ఆడుతుంటే ఆ టకటకలు రేకులకు తగిలి మళ్లీ మన నెత్తినే పడతాయి. ఎంత అరిచినా పక్కమనిషికి చేరదు. అందుకని మగ్గాల ఇళ్లల్లో చాలామంది గొంతు పెట్టరు. పెదాలు మాత్రం ఆడిస్తారు, ఎదుటివాళ్లు చూసి తెలుసుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ విద్య నాకూ పట్టుబడింది. రెండో మగ్గం మీద నేయడం కూడా నేర్చుకున్నాను. బెళుగుప్పలో అందరికంటే పెద్ద గొంతున్న పిల్ల, పెదాలు ఆడిస్తూ కూర వండి పెట్టే కోడలైపోయింది.

ఆ విద్యలో మా అత్తను మించినవాళ్లు లేరు. నలభై ఏళ్లు మగ్గాల పక్కన కూర్చుని రాట్నం మీద పట్టుదారం కండెలు చుట్టిన మనిషి. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి కాస్త మిగిలింది. అయితేనేం, బజార్లో అంత దూరాన ఇద్దరు ఆడవాళ్లు గుసగుసలాడుకుంటే, ఏమనుకున్నారో ఇంటికొచ్చి మాకు చెప్పేది. ఆమె చెవికి నేరుగా అందే గొంతు మా చుట్టాలందరిలోనూ ఒక్కటే ఉంది. పెళ్లిలో మా నాయన పలకరించినప్పుడు ఆమె చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మెల్లగా చెప్పన్నా, నాకు వినపడతాండాది," అంది. మా నాయన ఆ మాటను ఇప్పటికీ మెడలో దండలా వేసుకుని తిరుగుతాడు.

కాన్పుకు పుట్టింటికి పోయాను. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చిన ఏడుపు విని మా నాయన, "ఇది మా గొంతే," అని ఊరంతా చెప్పుకున్నాడు. మూడో నెలలో పాప ఉంగా ఉంగా అనడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని ఒళ్లో వేసుకుని, శనక్కాయలకు ఈసారి రేటు రాలేదనీ, బోరులో నీళ్లు అడుగంటాయనీ ఒక్కొక్కటే చెప్పేవాడు. అది ఉంగా అనేది. "చూడు, దానికి తెలిసిపోయింది," అనేవాడు.

ఐదో నెలలో ధర్మవరం తీసుకొచ్చాను. షెడ్డులో మూల దూలానికి చీర ఉయ్యాల కట్టాం. దాని పక్కనే మా అత్త రాట్నం. ఉయ్యాలకు ఒక తాడు కట్టి, ఆ తాడు చివర ఆమె కాలి బొటనవేలికి తగిలించుకునేది. చేతులు కండెలు చుడతాయి, కాలు మనవరాలిని ఊపుతుంది. నాకూ నిశ్చింతగా ఉండేది. మగ్గం మీద కూర్చుంటే ఉయ్యాల నా వీపు వెనకాల పడేది. పాపకు పాలు పట్టే వేళకు మా అత్త ఒక కండె తీసి నా మీద విసిరేది. అదే పిలుపు.

ఒకటి రెండు నెలలు గడిచాక గమనించాను. పాప ఏడుస్తుంది, ఊరు లేచేట్టు ఏడుస్తుంది. నవ్వుతుంది. కానీ ఆ ఉంగాలు లేవు. ముందు పెద్దగా పట్టించుకోలేదు. మా నాయన ఫోను చేసినప్పుడు మాత్రం గుచ్చుకునేది. ఆయనది చిన్న బటన్ల ఫోను, బొమ్మ కనపడదు. "దానికియ్యమ్మా," అనేవాడు. నేను మగ్గం ఆపి, పక్క మగ్గం ఆపించి, ఫోను పాప చెవి దగ్గర పెట్టేదాన్ని. ఆయన అవతల కేకలు పెట్టేవాడు. పాప కళ్లు పెద్దవి చేసుకుని వినేది. ఒక్క చప్పుడు చేసేది కాదు.

"ఏమ్మా, సిగ్నల్ లేదా మీ ఆడ?" అనేవాడు మా నాయన.

"లేదు నాయనా," అని నేను అబద్ధం చెప్పేదాన్ని.

తొమ్మిదో నెల వచ్చింది. అంగన్‌వాడీలో పాపను తూకం వేయించడానికి పోతే అక్కడి టీచరమ్మ, "బబ, మమ అంటాండాదా అక్కా?" అని అడిగింది. "ఓ, అంటాండాది," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. నా బిడ్డకు మాటలు రావేమో అనే మాట మనసులో మొదటిసారి పూర్తిగా అనుకున్నది ఇంటికొచ్చే దారిలోనే.

ఆ రోజునుంచి పాపకు మనశ్శాంతి లేకుండా చేశాను. వెనకనుంచి చప్పట్లు కొట్టాను. ఠక్కున తిరిగింది. స్టీలు తట్ట మీద గరిటెతో కొట్టాను. తిరగడమే కాదు, గరిటె కావాలని చెయ్యి చాపింది. చెవులు బాగానే ఉన్నాయి. అయితే గొంతా? మధ్యాహ్నం మగ్గాలు ఆగినప్పుడల్లా దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "అమ్మ అను. అమ్మ. అను," అని వేధించేదాన్ని. అది నా నోటివైపే చూసేది. చూసి చూసి తన నోరు తెరిచేది. పెదాలు కలిపేది, విప్పేది, మళ్లీ కలిపేది. గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

నోరు ఆడుతోంది, మాట రావడం లేదు. ఏడ్చేటప్పుడు వచ్చే గొంతు మాటకు ఎందుకు రాదు?

మా ఆయనతో చెప్పాను. ఆయన నిదానం మనిషి. పోగు తెగినా, కొంప మునిగినా ఒకే మొహం. "వస్తాయిలేవే, మాటలు యాడికి పోతాయి?" అన్నాడు. నాకు మండింది. నీకు కనుబొమ్మలుంటే చాలు, నీ బిడ్డకూ అవే చాలనుకున్నావా అని అడిగాను. ఇంకా చాలా అన్నాను. మా అత్త రాట్నం ఆపి నా పెదాలనే చూస్తోంది. మొత్తం చదివేసింది.

"ఎందుకే అట్ల దిగులు పడతావు? పాప మాట్లాడతాండాది కదా," అంది. "దినామూ నాతో మాట్లాడతానే ఉండాది."

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. మా ఇంట్లో ఒక మాట ఆమెకు తెలియకూడదంటే మొహం తిప్పుకుంటే చాలు. గోడవైపు తిరిగి, "బస్సు మీదికొచ్చినా హారను వినపడని మనిషికి పాప మాటలు వినపడినాయంట," అన్నాను.

ఆమెకు నా పెదాలు కనపడలేదు. కానీ ఎదురుగా ఉన్న మా ఆయన మొహం కనపడింది. దాన్ని కూడా చదివేసిందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం కాలి వేలికి తాడు సర్దుకుని మళ్లీ రాట్నం తిప్పుకుంది.

అనంతపురంలో పిల్లల డాక్టరుకు చూపించాలని నేను పట్టుబట్టాను. అమావాస్యకు మా వీధిలో మగ్గాలు ఆడవు, ఆ రోజే పోదామన్నాడు మా ఆయన. అమావాస్య రోజు ఆసుపత్రేందని మా అత్త మొహం చిట్లించింది గానీ అడ్డం చెప్పలేదు.

దానికి ఇంకా మూడు రోజులుందనగా జరిగింది ఇది. పొద్దున పది దాటి ఉంటుంది. నా పడుగులో పోగులు నాలుగైదు ఒక్కసారే తెగాయి. తిట్టుకుంటూ మగ్గం ఆపాను. అతికించడానికి మెత్తటి బూడిద కావాలి. అది మా అత్త రాట్నం పక్కన చిన్న డబ్బాలో ఉంటుంది. కాళ్లు పైకి తీసుకుని ఆ మూలకు నడిచాను. మా ఆయన మగ్గం ఆడుతూనే ఉంది. మా అత్త వీపు నావైపు, ఉయ్యాల్లోంచి దింపిన పాప ఆమె ఎదురుగా గోనెపట్టా మీద కూర్చుని ఉంది. నన్ను ఇద్దరూ చూడలేదు.

మా అత్త బుట్టలోంచి మెంతిరంగు కండె తీసి పాప ముందు పెట్టింది. పాప దాన్ని తోసేసింది. తోసేసి, మా అత్త మొహంలోకి చూస్తూ పెదాలు కలిపి విప్పింది. రెండుసార్లు. మా అత్త తల వంచి శ్రద్ధగా చూసింది. మిరపపండు రంగు కండె తీసింది. పాప దాన్ని అందుకుని ఒళ్లో పెట్టుకుని మళ్లీ పెదాలు ఆడించింది. ఈసారి కొంచెం పొడుగ్గా. మా అత్త ఆగింది. పాప ముగించేదాకా ఆగి, అప్పుడు ఆమె ఏదో చెప్పింది. పాప ఆమె ముగించేదాకా ఆగింది.

సరిగ్గా అప్పుడే మా ఆయన అటూ ఇటూ పరిగెత్తే నాడెలో కండె మార్చుకోవడానికి మగ్గం ఆపాడు.

షెడ్డు మొత్తం నిశ్శబ్దం. ఇప్పుడైనా ఆ మాటలు వినపడతాయని నేను చెవులు రిక్కించాను. ఏమీ వినపడలేదు. మగ్గం ఆగిన సంగతి మా అత్తకు తెలియదు. పాప పట్టించుకోలేదు. ఇద్దరూ చిన్న చప్పుడు కూడా లేకుండా ముచ్చట్లాడుకుంటున్నారు. ఈమె పెదాలు, దాని పెదాలు, మళ్లీ ఈమె పెదాలు. ఎర్ర కండె ఈమె చేతినుంచి దాని చేతికి, దాని చేతినుంచి ఈమె చేతికి. మా ఆయన మగ్గంలోంచే మెడ సాచి చూస్తున్నాడు. ఆయన కనుబొమ్మలు ఎంత పైకి పోగలవో అంత పైకి పోయాయి.

నేను బూడిద సంగతి మర్చిపోయి వాళ్ల పక్కన కూలబడ్డాను.

"అత్తా, నువ్వు పాపతో గొంతు పెట్టకుండా మాట్లాడతాండావా?"

"మగ్గాలు ఆడేటప్పుడు గొంతు ఏమిటికే? ఎవురికి వినపడతాది?" అంది ఆమె, ఇదేం ప్రశ్న అన్నట్టు. అని, నా మొహం చూసింది. తర్వాత పాప మొహం చూసింది. మగ్గంలో కదలకుండా కూర్చున్న కొడుకును చూసింది. మెల్లగా ఆమెకూ తెలిసిపోయింది. చేతిలో కండె పక్కన పెట్టింది.

"నా వల్లనేనా? నన్ను చూసి నేర్చుకున్యాదా?"

మూడు నాలుగు నెలలుగా నా బిడ్డ అన్న ప్రతి మాటకూ ఈ ఇంట్లో బదులు చెప్పిన మనిషి ఒక్కరే, ఆ మనిషినే నేను గోడవైపు తిరిగి వెక్కిరించాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అది పెదాలు ఆడించినప్పుడల్లా నేను చేసిందేమిటి? అమ్మ అను, అమ్మ అను అని నా మాట దాని నోట్లో కుక్కబోయాను. అది ఏం చెబుతోందో ఒక్కసారి కూడా అడగలేదు. మాట్లాడడం నాకు పుట్టుకతో వచ్చింది గానీ, బదులు చెప్పడం రాలేదు.

"గోడకు చెప్పిన మాట నీకు తెలిసిందా అత్తా?" అని అడిగాను.

"తెలిసింది," అంది.

"తప్పయింది."

"గమ్మునుండు. ముందు పోగులు అతికించుకో," అని బూడిద డబ్బా నా ముందుకు తోసింది. కానీ ఆ రోజంతా పాపవైపు తిరిగి ఒక్కసారి కూడా పెదాలు ఆడించలేదు. పాప ఎర్ర కండె పట్టుకుని ఆమె మోకాలు తడుతూనే ఉంది. అది చూడడం నాకు అన్నిటికంటే కష్టమైంది.

అయినా అనంతపురం పోయాం. పెద్ద డాక్టరు చెవులు చూశాడు, గొంతు చూశాడు, గిలక్కాయ ఊపాడు. పాప దాన్ని లాక్కుంది. అన్నీ బాగున్నాయన్నాడు.

"ఇంట్లో పాపతో ఎవరూ మాట్లాడరా?" అని అడిగాడు. మా ఆయన జవాబుగా గడ్డం కాస్త పైకెత్తాడు. డాక్టరు ఆయన్ను ఒక నిమిషం చూశాడు. "మీరు కూడానా?" అన్నాడు.

అప్పుడు నేను అందుకుని మగ్గాల సంగతి, మా అత్త సంగతి, ఎర్ర కండె సంగతి మొత్తం చెప్పాను. డాక్టరు నవ్వాడు. పాపకు మాట్లాడాలని ఉంది, వంతు కోసం ఆగడం కూడా తెలుసు, అది సగం పని అయిపోయినట్టే అన్నాడు. మీ అత్తగారిని మాట్లాడడం మానొద్దని చెప్పండి, గొంతు మాత్రం పెట్టమనండి అన్నాడు. రెండు నెలల తర్వాత మళ్లీ తీసుకురమ్మన్నాడు.

ఇంటికొచ్చి మా అత్త ఎదురుగా కూర్చుని పెదాలు స్పష్టంగా ఆడిస్తూ ఆ మాటలన్నీ చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. "మానొద్దన్యాడా? ఖాయంగా?" అని అడిగింది. లేచిపోయి ఎర్ర కండె వెతికి తెచ్చుకుంది.

ఇక మొదలైంది. చెవులు వినపడని మనిషి గొంతు పెడితే ఎంత పెట్టాలో ఆమెకు ఎట్లా తెలుస్తుంది? "ఏమ్మా, ఎర్రదా? పచ్చదా? అది కాదా?" అని ఆమె అడిగితే వీధి చివర టీకొట్టు దగ్గర కూడా పాపకు ఏ రంగు కావాలో తెలిసిపోయేది. మొదటి రోజు పక్కింటామె పరిగెత్తుకొచ్చి, అత్తాకోడళ్లు కొట్టుకుంటున్నారా అని తొంగి చూసింది. నా వంతుగా నేనొక పద్ధతి పెట్టుకున్నాను. నాడెలో కండె అయిపోయినప్పుడల్లా లేచి, మా ఆయన మగ్గాన్ని కూడా ఆపించి, పాప దగ్గర కాసేపు కూర్చునేదాన్ని. అది పెదాలు ఆడిస్తే, ముగించేదాకా నోరు మూసుకుని, అప్పుడు గొంతు పెట్టి బదులిచ్చేదాన్ని. నోరు మూసుకోవడమే నాకు పెద్ద పని. ఆ నెల చీర ఆలస్యమైంది. మా ఆయన కూడా పాపను ఎత్తుకుని ఏదో గొణిగేవాడు. ఏం చెబుతున్నావంటే, "జాకార్డు ఎట్ల ఆడతాదో చెప్తాండా," అన్నాడు.

పది రోజులు పెదాలే. పదిహేను రోజులకు ఊపిరి కాస్త గట్టిగా వచ్చింది. నేను వెర్రిదానిలా దాని నోటివైపే చూస్తూ తిరిగేదాన్ని.

మళ్లీ అమావాస్య వచ్చింది. వీధిలో మగ్గాలన్నీ ఆగాయి. నీళ్ల ట్యాంకరు వచ్చిపోయాక ఎక్కడో బిందె పెట్టిన చప్పుడు కూడా వినపడేంత నెమ్మది. మా అత్త గడప దగ్గర పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా నాయన ఫోను చేశాడు. స్పీకరు పెట్టి వాళ్ల ముందు పట్టుకున్నాను.

"ఏమ్మా బంగారూ! తిన్యావా?" అని ఆయన కేక వేశాడు.

పాప ఫోనును చూసింది. తల తిప్పి మా అత్త నోటివైపు చూసింది. ఆ పెదాలు కదలకపోయేసరికి ఈ వంతు తనదే అనుకున్నట్టుంది. పెదాలు కలిపింది.

"బ్బా!" అంది.

వీధిలో పడుకున్న కుక్క తలెత్తింది. మా నాయన జీవితంలో మొదటిసారి మాట లేకుండా ఉండిపోయాడు. కాసేపటికి, "ఎవురమ్మా అది? పాపేనా?" అన్నాడు చిన్న గొంతుతో. నేను ఏడుస్తూ నవ్వుతూ ఏదో చెప్పి ఫోను పెట్టేశాను.

మా అత్త నా మొహమే చూస్తోంది.

"వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది అత్తా."

ఆమె పాప తల నిమిరింది. తర్వాత, ఇన్నాళ్లుగా ఏ కోరికా కోరని మనిషి, కొంచెం మొహమాటంగా అడిగింది. "ఎట్లుండాదే దాని గొంతు?"

నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇంట్లో అందరికంటే ఎక్కువగా పాపతో మాట్లాడిన మనిషి ఆమె. ఆ గొంతు ఆమె చెవిన ఎప్పుడూ పడలేదు. పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపు కూడా ఆమెకు మేం నోటితో చెప్పిందే, ఇక్కడ ఏడ్చినవి ఆమె కళ్లతో చూసినవే. ఎట్లా చెప్పాలి? పాపను ఎత్తి, ఆ కాస్త మిగిలిన కుడి చెవికి దాని నోరు ఆనించాను. పాపకు అది కొత్త ఆట అనిపించింది. చెవి కమ్మ పట్టుకుని, ఊపిరి తీసుకుని, ఊరికంతా వినపడేట్టు మళ్లీ "బ్బా!" అంది.

మా అత్త ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. చెయ్యి చెవి మీద పెట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహం నిండా నవ్వు.

"మీ నాయన గొంతే ఇది," అంది. "నాకు వినపడతాండాది."

పాప ఆమె నోటివైపే చూస్తూ, బదులు కోసం ఆగింది.